మూడు ఫైళ్లే మార్చమన్నారు

ఆదోని,
10 జూలై 1988

పూజ్యురాలైన భాగీరథక్కకు తమ్ముడు నరహరి నమస్కారాలు.

క్షేమం అని రాయడం మర్యాద గనక రాస్తున్నాను. ఈ మిల్లులో క్షేమంగా ఉన్నది కంప్యూటర్ ఒక్కటే. దానికి చల్లటి గది, రోజుకు రెండుసార్లు తుడిచే మనిషి. మిగతా మిల్లంతా దూది దుమ్ము. టీ గ్లాసులో దూది, సద్దన్నంలో దూది, ముక్కు చీదితే దూది. మా మేనేజరు శ్రీపాదరావు గారు, నాకు ఈ ఉద్యోగం ఇప్పించిన పుణ్యాత్ములు, వక్కపొడి నములుతూ ఆ చల్లటి గదిలోకి వచ్చి చెత్తబుట్టలో ఉమ్ముతారు. బుట్ట నా కుర్చీ పక్కనే ఉంటుంది. మధ్యాహ్నం నాకు తిండి సహించడం లేదు.

ఆ యంత్రంతో ఏం చేస్తావురా అని అడిగావు. చెప్తాను, బడిపిల్లలకు చెప్పినట్టే చెప్తాను. మిల్లులో ఇరవై ఆరు ఖాతాలు, అంటే విభాగాలు ఉన్నాయి. దూది ఏకే కార్డింగ్ ఒక ఖాతా, నూలు వడికే స్పిన్నింగ్ ఒక ఖాతా, క్యాంటీను ఒక ఖాతా, అలా. ఒక్కో ఖాతాకు కంప్యూటర్లో ఒక చిన్న ఫైలు. కాన్ఫిగరేషన్ ఫైలు అంటారు. అందులో మిల్లు పేరు, ఖాతా పేరు, షిఫ్టు వేళలు, ఏ గేటులో రావాలి, ఆ ఖాతా వాళ్లు పర్మనెంటా, బద్లీనా అని రాసి ఉంటుంది. బద్లీ అంటే ఎవరైనా రానినాడు వాళ్లకు బదులు పిలిచే మనిషి. పొద్దున్నే కంప్యూటర్ ఆ ఫైలు చూసుకుని హాజరుపట్టీ అచ్చువేస్తుంది. ఫైలు ఏం చెప్తే పట్టీ అదే చెప్తుంది.

పోయిన నెల మిల్లు చేతులు మారింది కదా. కొత్త యజమాని పేరు ఇరవై ఆరు ఫైళ్లలోనూ రావాలన్నారు. ఒక్కొక్కటి తెరిచి దిద్దేవాడికి నన్నెందుకు బెంగళూరు పంపి కంప్యూటర్‌ను నడిపే యూనిక్స్ నేర్పించారు? నాలుగు వరుసల షెల్ స్క్రిప్టు రాశాను, కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞల చీటీ అనుకో. ఫైళ్లన్నీ అని చెప్పడానికి ఒక నక్షత్రం గుర్తు చాలు. సెడ్ అనే కమాండుకు పాత మాట ఇది, కొత్త మాట ఇది అని చెప్తే వెతికి మార్చేస్తుంది. ఎంటర్ కొట్టాను. రెప్ప వేసేలోపు అయిపోయింది. చూద్దును కదా, ఇరవై ఆరు ఫైళ్లూ ఖాళీ. ఒక్క అక్షరం లేదు!

తప్పు నాదే. మార్చినదాన్ని మళ్లీ అదే ఫైల్లో రాయమన్నాను. షెల్, అంటే ఆ ఆజ్ఞలు అందుకుని పని చేయించేది, రాయబోయే ఫైలును ముందు ఊడ్చేసి, ఆ తర్వాత చదవడానికి పోతుంది. ఊడ్చాక చదవడానికి ఏముంటుంది? ఎప్పటివో పాత కాగితాలు వెతుక్కుని రెండు రోజులు కూర్చుని ఇరవై ఆరూ చేత్తో కొట్టాను. ఇప్పుడు ఏ ఖాతా ఫైల్లో ఏముందో నాకు సంధ్యావందనంలా నోటికొచ్చు. స్క్రిప్టును కూడా సరిచేశాను. వేరే ఫైల్లో రాసి, తర్వాత దాన్నే పాతదాని స్థానంలో పెడుతుంది. ఇక దానికి తిరుగులేదు.

బావగారికి నమస్కారాలు. వీలైతే చట్నీపొడి పంపు. ఆ దుమ్ములో అదొక్కటే రుచి తెలుస్తుంది.

నరహరి


ఎమ్మిగనూరు,
24 జూలై 1988

చిరంజీవి నరహరికి భాగీరథి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. చెత్తబుట్ట సంగతి రాగానే ఆయన లేచి వెళ్లిపోయారు. అన్నం తింటుండగా చదివానులే, తప్పు నాదే.

నీకు దూదైతే నాకు పందులు. మా బడి ప్రహరీ పడిపోయి ఏడాదైంది. వాన పడితే ఊరి మురికంతా ఐదో తరగతి వాకిట్లోకి వస్తుంది. దాని వెనకే పందులు వస్తాయి. హెడ్మాస్టరు గారు గదిలో అగరొత్తులు వెలిగించుకుని కూర్చుంటారు. అదే ఆయన చేసే పని. ఈ వాసనకు అలవాటు పడిపోతానేమోనని ఒక్కటే నా భయం.

చట్నీపొడి పంపుతున్నాను. తెచ్చేది దావీదు. మా బడి ఆయా సిద్దమ్మను నువ్వు చూశావు, నుదుటి మీద మచ్చ ఉంటుంది. దావీదు ఆమె మొగుడు. మీ మిల్లులోనే కార్డింగ్ ఖాతాలో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాడు. వారమంతా అక్కడే ఉండి ఆదివారం చర్చి వేళకు వస్తాడు. మనిషి బాగాలేడు నరహరీ. దగ్గు. మొన్న మా వాకిట్లో నిలబడి మూడు మాటలు చెప్పడానికి ఆరుసార్లు ఆగాడు. లోపలికి పోయిన దూది బయటికి రాదట. కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్పించాలని ఇక్కడి డాక్టరు చెప్పాడు. మీ మిల్లు డాక్టరు చీటీ రాసిస్తే కర్నూల్లో మిల్లు వాళ్లకని ఉంచిన మంచం దొరుకుతుందట. పర్మనెంటు వాళ్లకే ఆ చీటీ. దావీదు పర్మనెంటే గనక ఇబ్బంది ఉండదు. పత్తి కొత్త పంట రాకముందే, పని పలచగా ఉన్నప్పుడే పొమ్మని సిద్దమ్మ పోరుతోంది. ఈయన దసరా దాకా పని చేసి పోతానంటున్నాడు. మొండివాడు.

కనిపిస్తే ఒక మాట చెప్పు. ఆఫీసు మనిషి చెప్తే వింటాడు.

నీ స్క్రిప్టు సంగతి నాకు సగమే అర్థమైంది. అన్నిటినీ ఒకేసారి మార్చే పని చేసేటప్పుడు ఒకదానిమీద ముందు చూసుకోవచ్చు కదా? మా పిల్లలు కూడా రంగు పెన్సిలు ముందు వెనక పేజీ మీద గీసి చూస్తారు.

భాగీరథి


ఆదోని,
18 సెప్టెంబరు 1988

అక్కకు నమస్కారాలు.

నువ్వు పంపిన రెండో చట్నీపొడి డబ్బా మొన్న గురువారం అందింది. మొదటిది గేటులో ఇచ్చిపోయాడు గానీ ఈసారి దావీదును చూశాను. గది దగ్గరికి రమ్మంటే రాలేదు. కార్డింగ్ వాళ్ల బట్టల మీది దూది యంత్రానికి పడదని వాళ్లను వరండా ఎక్కనివ్వరు. మెట్ల కిందే నిలబడి, డబ్బా పైకి చాపి, "టీచరమ్మ పంపించిందన్నా, సల్లగా ఉండాల ఆయమ్మ" అన్నాడు. కర్నూలుకు ఇప్పుడే పోవయ్యా అని చెప్పాను. "పోతాన్నా, దసరా కానీ. మిసన్ల కాడ కొత్తోళ్లుండారు, వాళ్లకి పని సూపించి పోతా" అన్నాడు. తనకే ఊపిరాడదు, కొత్తవాళ్లకు పని చూపిస్తాడట.

ఇక్కడ జరుగుతున్నది రాస్తే నీకు కడుపులో తిప్పుతుంది. అయినా రాస్తాను, ఎవరికో ఒకరికి చెప్పాలి. మొన్న సోమవారం శ్రీపాదరావు గారు పిలిచారు. ప్యాకింగు, బేళ్ల గోడౌను, వేస్టు ప్లాంటు, ఈ మూడు ఖాతాల ఫైళ్లలో పర్మనెంటు అనే మాట తీసి బద్లీ అని పెట్టమన్నారు. ఆ మూడింటి వాళ్లను పోయిన సంక్రాంతికే పర్మనెంటు చేశారు. పూలదండలు వేసి ఫోటో కూడా తీశారు. ఇప్పుడు కాదట. కాగితం మీద ఉత్తర్వు ఉందా సార్ అన్నాను. నవ్వారు. "ఉత్తర్వు ఏమిటికప్పా? మనం ఎవ్వర్నీ పనిలో నుంచి తీయడం ల్యా. మిసన్లో ఒక మాట మారుస్తాన్నాం, అంతే" అన్నారు. ఆ నోట్లోనే వక్కపొడి. ఒక తుంపర వచ్చి తెర మీద పడింది. దాన్ని ఆయనే చొక్కా చేతితో తుడిచారు.

అక్కా, నాకు ఒంటిమీద జెర్రులు పాకినట్టయింది. అయినా చేశాను. చేయనంటే రేపు ఇంకొకరు చేస్తారు. త్వరగా అయిపోతే చాలనుకుని, అటువైపు సరిగ్గా చూడను కూడా చూడకుండా చేసి, లేచి వెళ్లి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాను. రెండుసార్లు కడుక్కున్నాను. ఈ మనుషులను చూస్తే రోత. ఇలాంటి చోట ఉన్నందుకు నన్ను చూసుకున్నా రోతే.

బావగారికి నమస్కారాలు.

నరహరి


ఎమ్మిగనూరు,
20 అక్టోబరు 1988

చి. నరహరికి,

ఈ రోజు దసరా పండగ. ఉత్తరం రాయాల్సిన రోజు కాదు, అయినా ఆగలేకపోతున్నాను.

దావీదు సోమవారం మీ మిల్లు డాక్టరు దగ్గరికి చీటీ కోసం పోయాడు. ఇవ్వలేదు. సిద్దమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. "పన్నెండేండ్లు ఆ దూదిలో సచ్చినాడు టీచరమ్మా. డాక్టరు పట్టీ తీసి సూసినాడంట. నువ్వు బద్లీవి గదప్పా, నీకు సీటీ యాడిది అన్నాడంట. ఈయనేమో నవ్వి, ఎవురిదో పేరు సూసుంటారు సార్, ఇంగోసారి సూడండి అన్నాడంట. మల్లా సూసి, కార్డింగ్ అంతా బద్లీనే అన్నాడంట. ఆడ్నే కూలబడిపోయినాడు. బస్సులో ఎవురో తెచ్చి దింపినారు."

ఇప్పుడు వాళ్లింట్లో గోడకు దిండు ఆనించి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరాడదు. ఇక్కడి డాక్టరు రోజూ వచ్చి ఒక సూది వేసి, కర్నూలు కర్నూలు అని చెప్పి పోతున్నాడు. అక్కడ మంచం కోసం మీ బావ తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశారు. మిల్లు చీటీ లేకపోతే వరసలో ఆగాలట. ఆ వరస ఎంత పొడుగో ఎవరూ చెప్పరు.

నువ్వు మూడు ఖాతాలని రాశావు. ప్యాకింగు, గోడౌను, వేస్టు. నీ ఉత్తరం నా ముందే ఉంది. అందులో కార్డింగ్ లేదు. మరి కార్డింగ్ ఎలా బద్లీ అయింది?

తిరుగు టపాలో రాయి.

భాగీరథి


ఆదోని,
25 అక్టోబరు 1988

అక్కకు నమస్కారాలు.

దావీదు సంగతి తెలిసి నాకు నిద్ర లేదు. ఇది శ్రీపాదరావు చేసిన పని. అంతకంటే వేరే ఏముంటుంది? ఆ మనిషిని తలుచుకుంటే నోట్లో ఉమ్మి ఊరుతుంది, నేనూ ఆయనలా బుట్టలో ఉమ్మాలనిపిస్తుంది. కార్డింగే కాదు, మిల్లంతా బద్లీ అయిపోయింది. కంప్యూటర్లో ఏదో పొరపాటు జరిగిందని అంటున్నారు. యంత్రాలన్నాక అలాంటివి జరుగుతూ ఉంటాయి. వెనక్కి మారుస్తారేమో చూడాలి. ఈ ఊరు, ఈ మిల్లు, ఈ మనుషులు అంతా ఒక పెంట. నేను వేరే ఉద్యోగం చూసుకుంటున్నాను.

సిద్దమ్మకు ధైర్యం చెప్పు.

నరహరి


ఎమ్మిగనూరు,
29 అక్టోబరు 1988

నరహరికి,

"పొరపాటు జరిగిందని అంటున్నారు." ఎవరు అంటున్నారు? ఆ గదిలో కూర్చునేది నువ్వొక్కడివే.

నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చదివాను. ప్రతిదాంట్లోనూ రోత, చీదర, కడుపులో తిప్పడం. మొదట్లో నా తమ్ముడికి ఇంకా వాసన తెలుస్తోందని సంతోషించాను. ఇప్పుడు అర్థమవుతోంది, ఆ చీదర నువ్వు ఒంటికి గంధంలా పూసుకుంటున్నావు. చీదరించుకున్నాను గనక నాకేమీ అంటలేదు అనుకుంటున్నావు. మనింట్లో నేర్చిన మడి ఇదే నరహరీ. ముట్టుకోవడం, స్నానం చేయడం, ముట్టుకోనట్టు కూర్చోవడం. మోచేతుల దాకా కడుక్కున్నానని నాకు రాస్తావా? నువ్వు కడుక్కుంటే దావీదుకు ఊపిరి వస్తుందా?

నన్ను నేను తప్పించుకోవడం లేదు. పదకొండేళ్లుగా సిద్దమ్మ నా దగ్గరికి వస్తోంది. ఈనాటికీ వాకిట్లోనే కూర్చుంటుంది. ఆమె తాగే గ్లాసు కిటికీలో వేరేగా ఉంటుంది. నేను తీసేయలేదు, ఆమె అడగలేదు. నిన్న వాళ్లింటికి పోయాను. దావీదు నన్ను చూసి లేవబోయాడు. ఊపిరి లేని మనిషి, నేను వచ్చానని లేవబోయాడు! నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. కానీ దాన్ని నీకు రాసి పుణ్యం తెచ్చుకోవాలని లేదు.

కార్డింగ్ ఎలా బద్లీ అయిందో రాయి. వేరే ఏమీ రాయొద్దు.

భాగీరథి


ఆదోని,
3 నవంబరు 1988

అక్కా,

నేను చేశాను.

శ్రీపాదరావు మూడు ఫైళ్లే మార్చమన్నారు. నా దగ్గర జూన్‌లో రాసుకున్న స్క్రిప్టు ఉంది కదా, మిల్లు పేరు మార్చడానికి రాసింది. దాన్నే తెరిచాను. పాత మాట ఉన్నచోట పర్మనెంటు అని, కొత్త మాట ఉన్నచోట బద్లీ అని పెట్టాను. పై వరసలో ఫైళ్లన్నీ అని చెప్పే నక్షత్రం అలాగే ఉంది. దాన్ని తీసి మూడు పేర్లు రాయాలి. రాయలేదు. ఆ వరస చూడనే లేదు. ఆ పని మీద అంత రోత పుట్టింది, త్వరగా వదిలించుకోవాలని ఎంటర్ కొట్టి లేచిపోయాను. నేను చేతులు కడుక్కునేటప్పటికే ఇరవై ఆరు ఫైళ్లూ బద్లీ అయిపోయి ఉన్నాయి. క్యాంటీను, పెరడు అనే రెండు ఖాతాలు మొదటినుంచీ బద్లీలే. మూడు ఆయన చెప్పినవి. మిగతా ఇరవై ఒకటి నా చేతివి. అందులో కార్డింగ్ ఒకటి.

మర్నాడు పొద్దున పట్టీ అచ్చు పడగానే చూశాను. పరిగెత్తుకుపోయి శ్రీపాదరావుకు చెప్పాను, ఇప్పుడే సరిచేస్తాను సార్ అన్నాను. ఆయన పట్టీలన్నీ తిప్పి చూశారు. వక్కపొడి ఇంకొంచెం తీసి నోట్లో వేసుకున్నారు. తర్వాత, "ఏమప్పా నరహరీ, మేము మూడు అడిగితే దేవుడు ఇరవై నాలుగు ఇచ్చినాడు. వచ్చిండేదాన్ని ఎందుకు వద్దంటాము? ఉండనీ. ఎవరన్నా అడిగితే సూస్తాం" అన్నారు. నేను ఊరుకున్నాను. అది సెప్టెంబరు పదమూడు. నీకు ఉత్తరం రాసింది పద్దెనిమిదిన. అప్పటికే నాకు తెలుసు. దావీదు మెట్ల కింద నిలబడి దసరా అన్నరోజు కూడా నాకు తెలుసు. నీ పేరు బద్లీలో పడిందయ్యా అని ఒక్క మాట చెప్పలేకపోయాను. నీకు రాసిన ఉత్తరంలో మేనేజరు తుంపర గురించి ఐదు వరసలు రాసి, ఇది రాయలేదు.

ఇప్పుడు యూనియన్ వాళ్ల ఫిర్యాదు మీద పదకొండో తేదీన లేబరాఫీసరు విచారణకు వస్తున్నాడు. శ్రీపాదరావు నిన్న ఒక కాగితం టైపు చేయించి తెచ్చారు. "యంత్రదోషం వల్ల ఫైళ్లు మారినవి. ముందు ఏ ఖాతా ఏ వర్గంలో ఉండేదో తెలుసుకొనుటకు వీలు లేదు" అని ఉంది. కింద నా పేరు. సంతకం పెట్టమన్నారు. యజమాని రికార్డు చూసుకుని మెల్లగా ఒక్కొక్కరినీ మళ్లీ నిర్ణయిస్తాడట. ఆ మెల్లగా అనేది ఎంతకాలమో నీకు తెలుసు.

బద్లీ అన్నచోటల్లా తిరిగి పర్మనెంటు అని పెట్టినా సరిపోదు. ఎవరు మొదటినుంచీ బద్లీలో, ఎవరిని నేను చేశానో యంత్రానికి ఇప్పుడు తెలియదు. పాత ఫైళ్లు లేవు, నా స్క్రిప్టే వాటిమీద కొత్తవి పెట్టేసింది. పాత పట్టీలు, కాగితాలు శ్రీపాదరావు తన బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇరవై ఆరూ చేత్తో కొట్టినవాణ్ని గనక నాకు తెలుసు. నాకొక్కడికే తెలుసు.

సంతకం పెట్టలేదు. రేపు పెడతానని చెప్పి వచ్చాను. అలా అన్నందుకు కూడా సిగ్గుగా ఉంది. పదకొండున నా చేతిరాతతో వేరే కాగితం ఇస్తాను. మూడు ఎవరు చెప్పారో, ఇరవై ఒకటి ఎవరు చేశారో, ఎలా చేశారో, ఏ తేదీన తెలిసిందో, ఎందుకు ఊరుకున్నారో. కింద ఇరవై ఆరు ఖాతాల పేర్లు, వాటి ఎదురుగా ముందున్న మాట. దాని నకలు ఇందులో పెట్టాను, చదువుకో, ఇంకేమీ దాచలేదు.

విచారణ అయిపోగానే ఎమ్మిగనూరు వస్తాను. దావీదు కాళ్లు పట్టుకోవాలి.

నరహరి


ఎమ్మిగనూరు,
27 నవంబరు 1988

చి. నరహరికి ఆశీస్సులు.

నీ కాగితం సంగతి నీకంటే ముందు మాకు తెలిసింది. మిల్లు బస్సులో వచ్చినవాళ్లు చెప్పుకుంటున్నారు. నువ్వు నిలబడి చదివావట, మధ్యలో శ్రీపాదరావు లేచి ఇతనికి మతి స్థిమితం లేదన్నాడట. లేబరాఫీసరు ఒక్కొక్క ఖాతా పేరు అడుగుతుంటే కాగితం చూడకుండా చెప్పావట. ఇరవై ఒక్క ఖాతాలకూ పర్మనెంటు తిరిగి వచ్చింది. ఆ మూడు ఖాతాల వాళ్లది ఇంకా తేలలేదు. సంక్రాంతికి వాళ్లకు పూలదండలు వేసి తీసిన ఫోటో ఎవరో తెచ్చి బల్ల మీద పెట్టారట. నీ ఉద్యోగం పోయిందని కూడా విన్నాను. పోనీ. మీ బావ నీకు ఇక్కడ ఒక గది చూశారు.

దావీదుకు చీటీ వచ్చింది. పోయిన గురువారం కర్నూల్లో చేర్చుకున్నారు. నేను, సిద్దమ్మ కలిసి తీసుకుపోయాం. అక్కడి పెద్ద డాక్టరు ఎక్స్‌రే పటం వెలుగుకు పట్టి చూసి, రెండు నెలల ముందు రావాల్సింది అన్నాడు. ఆ మాట సిద్దమ్మ వినకూడదని పక్కకు జరిగాను. ఆమె వినేసింది. బతుకుతాడు, కానీ మళ్లీ మిల్లు గేటు దాటడు. నాలుగు అడుగులకు ఒకసారి ఆగాలి.

నువ్వు వస్తానన్న మాట సిద్దమ్మకు చెప్పాను. తిరిగి వచ్చే బస్సులో, ఒకే సీట్లో పక్కపక్కన కూర్చుని ఉన్నాం. ఆమె కిటికీ వైపు చూస్తూనే జవాబు చెప్పింది. ఒక్క మాట మార్చకుండా రాస్తున్నాను.

"మీ తమ్ముడు నిజమే సెప్పినాడంట గదా టీచరమ్మా. అందరికీ మేలైంది. ఆయప్ప మీద నాకు కోపం ల్యా. కానీ కాళ్లు పట్టుకోనీకి, ఏడ్సనీకి మాత్రం మా ఆయన కాడికి రావద్దని సెప్పు. మా ఆయన మెత్తనోడు. ఆయప్ప ఏడిస్తే ఊరుకోడు. ఊరుకోన్నా, ఏం కాదన్నా, అని దగ్గుకుంటా ఓదారుస్తాడు. ఆయనకి ఊపిరి కొంచెమే ఉంది. దాన్ని నేను మీ తమ్మునికి ఇయ్యను."

కర్నూలుకు పోవద్దు, నేరుగా మా ఇంటికి రా.

భాగీరథి